అయ్యవారి బెత్తమును దొరవారి లెక్కయు

వీధిబడి యనగానే మనవారిలో రెండు విధములైన తలపులు కలుగుట కద్దు. కొందఱు అరుగుమీద ఇసుక పోసికొని ఓనమాలు దిద్దు పిల్లలను, ఊరంతయు వినబడునట్లు ఎక్కములు వల్లించు గొంతులను తలచుకొని, అట్టి చదువు పోయెనే యని నిట్టూర్తురు. మఱికొందఱు దూలమునుండి వ్రేలాడు త్రాటిని, అయ్యవారి చేతి బెత్తమును తలచుకొని, దొరతనమువారు వచ్చి ఆ నరకమును తొలగించిరని సంతసింతురు. ఈ రెండు తలపులలో దేనికిని చరిత్రము నిండుగా సాక్ష్యమీయదు. బెత్తము మన బడులలో నెందుల కంత గట్టిగా నిలిచినది, క్రొత్త బడులలోనికి అది యే ద్వారమున ప్రవేశించినది యను ప్రశ్నలకు సమాధానము నాటి కాగితములలోనే కొంత దొరకుచున్నది. పిల్లలను బడికి పంపు ప్రతి యింటివారికిని ఇందులో పని కలదు గనుక, ఆ కాగితములను చదువరులతో గూడ నొకసారి తిరుగవేయ దలచితిమి.

మదరాసు గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో 1822 జూన్ 25 వ తేదీన నొక యుత్తరువు వ్రాసి, ప్రతి జిల్లా కలెక్టరును తన జిల్లాలో నెన్ని బడులున్నవో, వానిలో నెందఱు పిల్లలు చదువుచున్నారో, వారే కులములవారో లెక్క పంపుమని కోరెను. జవాబులన్నియు చేరుటకు మూడేండ్లు పట్టినది. చాలమంది కలెక్టరులు పట్టికలోని గళ్ళను నింపి యూరకొనిరి. బళ్లారి కలెక్టరగు ఏ. డి. కాంబెల్ మాత్రము 1823 ఆగష్టు 17 వ తేదీన బడిలో ప్రొద్దు పొడిచినది మొదలు జరుగు విధమంతయు వివరించి వ్రాసెను. ఈయన తెలుగు భాషకు వ్యాకరణము వ్రాసి 1816 లో ప్రకటించినవాడు. పిల్లలు వల్లించు మాటలు వినబడినపుడు అవి యేమో తెలిసికొనగలవాడు. అందుచేత నితని మాటకు విలువ యెక్కువ.

నాటి బళ్లారి జిల్లా నేటి బళ్లారి కాదు. అనంతపురము సీమ యంతయు 1882 వఱకు నందులోనిదే. తొమ్మిది లక్షల యిరువది యేడు వేల పైచిలుకు జనమున్న ఆ జిల్లాలో మొత్తము 533 బడులు. వానిలో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226, మరాఠీవి 23, పారసీకము చెప్పునవి 21, అరవమువి 4, ఇంగ్లీషుది ఒకటి, బ్రాహ్మణులు మాత్రమే శాస్త్రములు చదువుకొను స్థానములు 23. చదువుచున్న వారందఱు 6,641 మంది. అనగా బడికి పండ్రెండుగురు చొప్పున. జనములో వేయింటికి ఏడుగురైనను లేరని కాంబెల్ స్వయముగా వాపోయెను.

ఆ పండ్రెండుగురి దినచర్య యెట్లుండెనో చూతము. అయిదవయేట విఘ్నేశ్వరుని యెదుట కూర్చుండబెట్టి, బియ్యములో వ్రేలితో దేవుని పేరు వ్రాయించి, పిల్లవానిని బడిలో చేర్తురు. ప్రొద్దుట ఆరుగంటలకు బడి. మొట్టమొదట వచ్చినవాని యఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు; అది వానికి గౌరవము. రెండవవాని చేతిలో సున్న. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ. నాల్గవవానికి రెండు. తరువాత వచ్చు ప్రతివానికిని ఒక్కొక్క దెబ్బ హెచ్చు. ఈ యాచారము తెలుగుదేశమందు చాలకాలము నిలిచినది. చేతిలో ‘శ్రీ’ వ్రాయించుకొనుటకై చీకటితో లేచి పరుగెత్తిన ముచ్చటలు మన తాతల నోట వినినవారు మనలో నింకను గలరు.

చూచుటకు ముచ్చటగానే యున్నది. కాని లెక్క వేసి చూడుడు. పండ్రెండుగురు పిల్లలున్న బడిలో కడపటివానికి పది దెబ్బలు. అందఱివియు కలిపిన నేబదియైదు. పాఠము మొదలు కాకమునుపే, ఎవ్వడును ఒక్క యక్షరమైనను తప్పకమునుపే, ఇన్ని దెబ్బలు! అవి యే నేరమునకు? ఊరి చివర నిల్లుండుట కొకనికి, దూడను కట్టివేసి రావలసియుండుట కొకనికి, చలిలో తల్లి లేపక కనికరించుట మఱియొకనికి. తప్పు చేసినవానికి దండన యను నియమము కూడ నిచ్చట లేదు. వరుసలో కడపట నెవడో యొకడు ఉండకతప్పదు గదా! అందఱును తెల్లవారకముందే లేచినను ఎవడో యొకడు పది దెబ్బలు తినవలసినదే.

చదువు రానివానికి, పెంకితనము చేసినవానికి దండనలు వేఱు. చేతులు రెండును త్రాటికి గట్టి గిలకమీదుగా పైకప్పునకు లాగుదురని కాంబెల్ వ్రాసినాడు. దీనినే మనవారు కోదండము వేయుట యందురు. శ్రీరామచంద్రుని వింటి పేరు ఈ పనికి పెట్టినవా డెవడో గాని, గొప్ప చమత్కారి! కూర్చుండి లేచుచు నుండుమను శిక్ష మఱియొకటి, అవి గుంజీళ్ళు. ఇది మిక్కిలి బాధ కలిగించునదైనను దేహమున కారోగ్యకరమైనదేమో యని కలెక్టరుగారు సెలవిచ్చిరి. గుంజీళ్ళు తీయవలసిన పని తమకు లేనివా రిట్టి యభిప్రాయములు సులభముగా చెప్పగలరు. కాంబెల్ చెప్పనివి మన నుడికారమే చెప్పుచున్నది: గోడకుర్చీ, తొడపాశము, పారిపోవువాని కాలికి బొండ. బడి యెగగొట్టినవానిని నలుగురు పెద్దపిల్లలు పోయి చేతులు కాళ్ళు పట్టి మోసికొని వచ్చుటయు నుండెను. అసలు శిక్ష యను మాటకే మన భాషలో చదువు చెప్పుట యనియు, దండించుట యనియు రెండర్థములు ఏర్పడినవి. 1832 లో పుదూరు సీతారామశాస్త్రిగారు పిల్లల పుస్తకమునకు ‘బాలశిక్ష’ యని పేరు పెట్టినపుడు మొదటి యర్థమునే తలచియుందురు. బడిపిల్లలకు మాత్రము రెండవ యర్థమే ముందు తెలియుచుండెను.

ఇదియంతయు శాస్త్రసమ్మతమని యొకమాట ప్రచారములో నున్నది. అయిదేండ్లవఱకు లాలింపవలెననియు, పిమ్మట పదేండ్లు కొట్టవలెననియు చెప్పు శ్లోకమును వినని గృహస్థు లేడు. దానిని నీతి చెప్పువాడు చెప్పినాడు. ధర్మశాస్త్రకారుల మాట వేఱుగా నున్నది. శిష్యుని కొట్టకుండ దిద్దవలెననియు, అట్లు సాధ్యము కానప్పుడు సన్నని త్రాటితోనో సన్నని వెదురుబెత్తముతోనో మాత్రమే దండింపవచ్చుననియు, మఱి దేనితోనైన కొట్టిన గురువును రాజు శిక్షింపవలెననియు గౌతమ ధర్మసూత్రము విధించుచున్నది. మనువు శిష్యుని కొట్టుటకు అనుమతి యిచ్చుచునే, వీపుమీద తప్ప తలమీద నెన్నడును తగులరాదని కట్టడి చేసినాడు. వేఱొకచోట శ్రేయస్సు కోరి చెప్పువాడు హింస లేకుండ, తీయని మాటతో చెప్పవలెననియు నన్నాడు. ఇవి మెచ్చదగిన కట్టుబాట్లే యని కాదు. భార్యను, దాసుని, శిష్యుని ఒక్కచోట జేర్చి కొట్టవచ్చునని చెప్పిన స్మృతిని మేము తలకెత్తుకొనజాలము. కాని దూలమునకు కట్టి వ్రేలాడదీయుట యే సూత్రమునందును లేదు. పూర్వాచారమని మనము సమర్థించుకొన్నది పూర్వుల మాటకు కూడ విరుద్ధమే.

ఇక దొరలవైపు చూతము. కాంబెల్‌కు వీధిబడిలో బాగుగా నచ్చిన దొకటి యున్నది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట, కాగితము ఖర్చు లేకుండ నిసుకలో వ్రాయుట. ఈ పద్ధతి ఇంగ్లండులో ననుకరింపబడినదనియు, అనుకరింపదగినదే యనియు నతడు వ్రాసెను. ఆ యనుకరణ మన మదరాసులోనే మొదలైనది. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1789 లో ఎగ్మూరునందలి సోల్జర్ల యనాథ బాలుర శాల కధికారియై, ఒకనాడు మలబారు పిల్లల బడిలో నిసుకమీద వ్రాయుట చూచి, తన శాలలో నట్లే చేయింపబోగా ఉపాధ్యాయులు ఒప్పుకొనలేదు. అంతట నతడు ఎనిమిదేండ్ల బాలు నొకని పిలిచి, చిన్నవారికి నీవు చెప్పుమనెను. ఆ ప్రయోగమును గూర్చి 1797 లో లండనున నొక చిన్న పుస్తకము అచ్చువేసెను. పిమ్మట జోసెఫ్ లాంకాస్టరు అనునాత డట్టి పద్ధతినే లండనులోని బీదపిల్లలకు వందలకొలది మందికి ఒక్క గదిలో నడిపెను.

ఈ లాంకాస్టరు బెత్తమునకు విరోధి. అయినను అంతమంది పిల్లలను ఒక్క గురువు కనుసన్నల నిలుపుట యెట్లు? మెడకు కొయ్యదుంగ గట్టించెను. మఱియొక శిక్షగా పిల్లవానిని బుట్టలో గూర్చుండబెట్టి పైకప్పునకు లాగించి, పంజరములోని పక్షివలె నందఱికిని జూపించెను. బళ్లారిలో త్రాడు, లండనులో బుట్ట! మన యిసుకతో పాటు మన దూలమును కూడ వారు నేర్చుకొనిరని చెప్పుటకు ఆధారము లేదు, నేర్చుకొననక్కఱయు లేదు. చదువు చెప్పువా డొక్కడు, వినవలసినవారు వందలు, చేతిలో డబ్బు తక్కువ యైనచోట నే దేశమందైనను పైకప్పు మీదికే చూపు పోవుచున్నది.

అసలు ప్రశ్న ఇప్పుడు వచ్చినది. అయ్యవారు కొట్టుట వాని స్వభావదోషమా? కాంబెల్ నివేదికలో జీతముల సంగతి యొకటి యున్నది. దాని నెవ్వరును దండనల సంగతితో జతపఱచి చూచినట్లు కనబడదు. పిల్లవాడు ఇసుకలో వ్రాయునన్నాళ్ళు నెలకు పావు రూపాయి. కాగితముమీదికో, పెద్ద లెక్కలకో వచ్చినపుడు అర రూపాయి. పద్యముల కర్థము చెప్పవలెనన్నను, సంస్కృతపదములను విడదీసి వివరింపవలెనన్నను అయ్యవారడుగు సొమ్ము చాలమంది తల్లిదండ్రుల శక్తికి మించినది. అందుచేత నర్థము లేకుండనే చదువు ముగియును. పిల్లలు పద్యములను వందలకొలది చిలుకవలె నప్పగించుచున్నారు గాని, వాని భావము చిలుక కెంత తెలియునో వీరికి నంతే తెలియునని యా నివేదిక తేల్చినది.

ఇది విదేశీయుని దూషణ యని త్రోసివేయుటకు వీలులేదు. అంతకు మూడేండ్లు ముందే, 1820 లో, ఒంగోలు ప్రాంతమువాడును సదరు అదాలతులో దుబాసియు నగు వెన్నెలకంటి సుబ్బారావుగారు మదరాసు స్కూలు బుక్ సొసైటీకి సమర్పించిన నివేదికలో మన బడులందు పిల్లలు అర్థము తెలియకయే వల్లించుచున్నారని చెప్పియుండెను. తెలుగుబడిలోని లోటును తెలుగువాడే ముందు చూపినాడని మనము జ్ఞాపకముంచుకొనదగును.

ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో బెత్తము పుట్టుక తెలియుచున్నది. తెలిసిన పద్యమును పిల్లవాడు మఱచిన, భావమును బట్టి మఱల నందుకొనగలడు. అర్థము తెలియని పద్యములో నొక్క పాదము జారినచో దానిని పట్టుకొనుట కే యాధారమును లేదు. అమరము వల్లించువాడు ఒక పర్యాయపదము తప్పినచో తరువాతి పదము దానికై యది రాదు. అపుడు జ్ఞాపకమునకు మిగిలిన కాపలా భయ మొక్కటే. అర్థము చెప్పుటకు సమయము కావలెను, పాండిత్యము కావలెను, దానికి తగిన సొమ్ము కావలెను. బెత్తమునకు చెట్టుకొమ్మ చాలును. ఆ యల్పపు జీతములో దెబ్బ చేరియున్నది, అర్థము చేరలేదు.

అయ్యవారి బ్రతుకు కూడ చూడుడు. ఉపాధ్యాయులకు సాధారణముగా నెలకు ఆఱేడు రూపాయల కన్న రాదనియు, ఆ మాత్రమునకు యోగ్యులైనవా రీ వృత్తిలోనికి రారనియు మన్రోయే వ్రాసెను. దసరా వచ్చినపుడు పిల్లలచేత రంగుల విండ్లును గిలకలును పట్టించి, ఇంటింటి ముందర పాట పాడించి, దక్షిణ దండుకొనుట మనవారికి వేడుకగా జ్ఞాపకమున్నది. ఆ వేడుకలో పప్పుబెల్లములు పిల్లలవి. ఏటికొకసారి గుడ్డలు కొనుక్కొను ఆశ అయ్యవారిది. ఇట్లు ఊరివారి దయమీద బ్రతుకువాడు తాను పని చేయుచున్నట్లు ఊరి కెట్లు తెలుపగలడు? పిల్లవాని తలలోని తెలివి వీధిలోనికి కనబడదు. బడి గోల వినబడును, ఏడ్పును వినబడును. కొట్టని పంతులు చెప్పని పంతులే యని తండ్రులు తలచినంతకాలము బెత్తము అయ్యవారికి యోగ్యతాపత్రమై యుండెను. నాలుగు తగిలించి చెప్పుడని బడి గుమ్మములో నిలిచి మనవి చేసినది మన యిండ్లవారే కాదా?

బడులు తగ్గుటకు కాంబెల్ చెప్పిన కారణము మఱింత గంభీరమైనది. దేశము క్రమముగా పేదదగుచున్నది. సీమ గుడ్డలు వచ్చి మన సాలెల జీవనము పడిపోయినది. నడితరగతివారును అడుగువారును పిల్లల చదువు ఖర్చు భరింపలేకున్నారు. లేతచేతులు కొంచెము పనికి వచ్చినంతనే వానిని కూడ కూటికొఱకు పనిలో పెట్టవలసి వచ్చుచున్నది. పూర్వము బడులున్న గ్రామములు చాలవాటిలో నిపుడవి లేవు. కుంపిణీ కొలువులోని కలెక్టరు కుంపిణీకి వ్రాసిన మాటలివి. ఇంత నిర్మొగమాటముగా వ్రాసిన యధికారులు ఆ కాలమున నెక్కువమంది లేరు.

మన్రో 1826 మార్చి 10 వ తేదీన తన తీర్మానము వ్రాసెను. రాజధాని యంతట 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, ఒక కోటి యిరువదియెనిమిది లక్షల పైచిలుకు జనము. ఇండ్లలో చదువుకొనువారిని కూడ లెక్కించినచో మగపిల్లలలో ఇంచుమించు మూడవవంతు మందికి చదువు అందుచున్నదని యతని యూహ. జిల్లాకు రెండు పెద్దబడులు పెట్టి ఉపాధ్యాయునికి నెలకు పదునైదు రూపాయలు, తాలూకా బడి ఉపాధ్యాయునికి తొమ్మిది రూపాయలు సర్కారే యిచ్చునట్లు ఏర్పాటు చేసెను. రోగమేదియో యతనికి తెలిసినదనియే చెప్పవలెను. ఉపాధ్యాయుని బ్రతుకును పిల్లవాని తండ్రి సంచినుండి విడదీయుట మొదటి మందు. కాని 1827 జూలైలో పత్తికొండవద్ద విషూచితో నతడు మరణించెను. 1835 లో ఇంగ్లీషు చదువే చదువని కలకత్తాలో నిర్ణయమైనది; మఱుసటి యేడే తాలూకా బడులను ఎత్తివేసిరి. పదేండ్లైనను బ్రదుకని ప్రయత్నమును గూర్చి అది విఫలమైనదని చెప్పుట న్యాయము కాదు.

ఈ లెక్కలనుబట్టి తరువాత గొప్ప వాదము నడచినది. 1931 అక్టోబరులో మహాత్మాగాంధీ లండనులో మాట్లాడుచు, ఏబది నూఱేండ్ల క్రిందటికన్న నేడు భారతదేశము ఎక్కువ నిరక్షరాస్యమై యున్నదనియు, బ్రిటిషువారు చదువను చెట్టుయొక్క వేళ్ళను త్రవ్వి చూచి యట్లే వదలివేయగా నది యెండిపోయినదనియు చెప్పెను. సర్ ఫిలిప్ హార్టాగు దీనికి రుజువు చూపుమని పట్టుబట్టి, తన ఖండనమును 1939 లో ప్రకటించెను. ధరంపాల్‌గారు 1983 లో కలెక్టరుల జవాబులన్నిటిని అచ్చువేయించిన తర్వాత వాదము మఱల చిగిర్చినది. బడులు చాలనుండెనని యొక పక్షము, చాలవని యొక పక్షము. ఇరుపక్షములవారును తలలను లెక్కించిరి. ఆ తలలలోనికి ఏమి యెక్కినదో, వీపులమీద నేమి పడినదో చూచినవారు తక్కువ. మన్రో పంపిన పట్టికలో దండనకు గడియే లేదు గదా. కాంబెల్ అడుగకయే చెప్పినాడు.

ఆ పట్టికలోనే యింకొక యంకె కలదు. లక్షా యెనుబదియెనిమిది వేలమందిలో ఆడపిల్లలు 4,540 మంది. బళ్లారి జిల్లా 6,641 మందిలో అఱువదిమంది. పంచముల పిల్లలకు ప్రత్యేకమైన గడియైనను లేదు. వీరికి కోదండము లేదు, గుంజీళ్ళు లేవు; అరుగు ఎక్కనిచ్చుటయే లేదు. వీధిబడిని తలచుకొని నిట్టూర్చు మిత్రులు ఈ యంకెను కూడ తలచుకొని నిట్టూర్తురేని మాకు సంతోషము. కందుకూరి వీరేశలింగముగారు 1874 లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టునాటికి మన్రో లెక్క కేబదియేండ్లు నిండుచుండెను.

ఇక రెండవ ఘట్టము. 1854 లో ఇంగ్లండునుండి వచ్చిన విద్యాపత్రముతో సర్కారు చదువు బాధ్యతను కొంత ఒప్పుకొన్నది. ఆ కాలముననే నరసాపురము ప్రాంతమున సబుకలెక్టరు టెయిలరుదొర ప్రోత్సాహమున గోదావరి రైతులు తమంతట తాము శిస్తుతో పాటు బడికొఱకు కొంత చెల్లించుటకు ఒప్పుకొనిరి. ఇది మన పల్లెవారికి శాశ్వతమైన కీర్తి. అయినను వేలకొలది వీధిబడులను సర్కారు క్రమములోనికి తెచ్చుటకు చవుకైన మార్గ మొకటి కావలసి వచ్చినది. దానిని సీమలో రాబర్టు లో అను మంత్రి 1862 లో కనిపెట్టి పెట్టెను: పిల్లవాడు పరీక్షలో తేరిననే డబ్బు, తేరకున్న లేదు. మదరాసు రాజధానిలో నిది 1860 లనాటి ఉత్తరార్ధమున ప్రవేశించినది. ఫలితములనుబట్టి గ్రాంటు అని దీనికి పేరు.

దీని నడక యిట్టిది. ఏటి కొకసారి పరీక్షాధికారి బడికి వచ్చును. ఒక్కొక్క పిల్లవానిని చదువు, వ్రాత, లెక్కలలో విడివిడిగా పరీక్షించును. తేరిన ప్రతి విషయమునకు ఇంతయని ఉపాధ్యాయునికి సొమ్ము. పూర్వము తండ్రి సంచివంక చూచిన అయ్యవారు ఇపుడు పిల్లవాని నోటివంక చూడవలసి వచ్చెను. వాడు తడబడినచో తన యింట బియ్యము తక్కువయగును. పరీక్షాధికారి యేమి యడుగునో తెలిసినదే; ఆ పుటలనే మఱల మఱల వల్లింపజేయుట, తెలివిగలవాడు ముందే నేర్చుకొన్నాడు గనుక వానిని వదలి, తెలివి తక్కువవానిని గ్రాంటుకొఱకు కొట్టుట యేర్పడినది. మునుపు అలసటచేతనో కోపముచేతనో లేచిన బెత్తమునకు ఇపుడు జమాఖర్చు తోడైనది. సీమలో పాఠశాలల పరీక్షాధికారియు కవియు నగు మాథ్యూ ఆర్నాల్డు ఇది చదువును యంత్రముగా మార్చుచున్నదని గట్టిగా ఖండించెను. అయినను 1882 లో నేర్పడిన హంటరు సంఘము దేశీయ పాఠశాలలకు ఇదియే తగిన పద్ధతి యని నిశ్చయించినది. సీమ ప్రాథమిక పాఠశాలలలో 1890 లలోనే పోయిన యీ విధానమును భారత ప్రభుత్వము తప్పని చెప్పుటకు 1904 రావలసి వచ్చెను.

అనగా ఒక తరముపైగా, మన తండ్రులును తాతలును చదువుకొన్న సంవత్సరములలో, సర్కారు పిల్లవానికి వెల కట్టి ఉపాధ్యాయుని చేతిలో పెట్టినది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘గణపతి’ బడిపంతులగుటను చదివి మనము కడుపుబ్బ నవ్వుకొంటిమి. ఇతర వృత్తి దొరకనివాడే బడిపంతులగు కాలమున నా నవ్వులో కొంత యేడ్పును గలదు. క్రొత్తబడిలో బల్లలు వచ్చినవి, గడియారము వచ్చినది, హాజరుపట్టీ వచ్చినది. కోదండము పోయి బెంచీ యెక్కించుట వచ్చినది, జుల్మానా వచ్చినది. బెత్తము మాత్రము బల్లమీద తన తావున తానే యుండెను. మన యయ్యవారి క్రౌర్యమును చూచి నివ్వెఱపోయిన దొరల దేశములో సర్కారు బడులలో బెత్తమును నిషేధించు చట్టము 1986 లో గాని పుట్టలేదు. మఱుసటి యేట నది యమలులోనికి వచ్చినది.

వేఱు దారి తెలిసినవారు లేకపోలేదు. గుజరాతులో గిజుభాయి బధేకా దండనయు బహుమతియు రెండును లేని బాలమందిరములను నడిపెను. మరియా మాంటిస్సోరి 1939 లో అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండి, వందలమంది ఉపాధ్యాయులకు తన పద్ధతి నేర్పెను. ఇవి పట్టణములలో కొన్ని యిండ్లను తాకినవి. పల్లెబడికి చేరుటకు వానికి సొమ్మును లేదు, ఉపాధ్యాయునికి తీరికయు లేదు. మన్రో తొమ్మిది రూపాయల ప్రశ్న అక్కడ అట్లే నిలిచియుండెను.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2002 లో బడులలో దేహదండనను నిషేధించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని పదునేడవ విధి దేహదండనతో పాటు మనస్సును నొప్పించుటను కూడ నిషేధించి, అతిక్రమించినవారిపై ఉద్యోగనియమములనుబట్టి చర్య తీసికొనవలె ననినది. ఉపాధ్యాయుడు పట్టుబడినచో శిక్ష యున్నది. తన యుద్యోగము విద్యార్థుల మార్కులమీద, పాఠశాల ప్రకటించు ర్యాంకులమీద ఆధారపడియున్న ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుని జీతమును గూర్చి ఆ విధిలో నేమియు లేదు. అన్నము తినని పిల్లవానిని పంతులుగారితో చెప్పెదనని ఇంటిలో బెదరించువారిని గూర్చియు, నాలుగు తగిలించినను మేమేమియు ననుకొనమని బడి గుమ్మమున నిలిచి చెప్పి వచ్చువారిని గూర్చియు అందులో నేమియు లేదు.